పాడని రోజుల్లో గాయని



1991లో వచ్చిన ‘సీతారామయ్యగారి మనవరాలు’ మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో ఒక పాటలో చిత్ర గొంతు పక్కన, కాస్త వయసు మీదపడిన మరో గొంతు వినిపిస్తుంది. అది జిక్కిగారిది. అసలు పేరు కృష్ణవేణి. వారి కుటుంబం మన పాత చిత్తూరు జిల్లా చంద్రగిరిది. సోమలవారికి మరీ పరాయి ఊరేమీ కాదు. 1943లో ‘పంతులమ్మ’తో పసిపిల్లగా సినిమాల్లోకి వచ్చారు. 1955లో ‘రోజులు మారాయి’లో ఆమె పాడిన ఏరువాక పాట వినని పల్లె లేదేమో! అంతకుముందే, 1948 నాటి తమిళ ‘జ్ఞానసౌందరి’లో చిన్నారి కథానాయిక దేవమాతను వేడుకునే పాటకు గొంతునిచ్చింది కూడా ఈమే. తమిళ కతోలికులు ఆ పాటను ఇంకా మరువలేదు.

1960ల నుండి అవకాశాలు సన్నగిల్లాయి. భర్త ఏ.ఎం.రాజాతో కలిసి కచేరీలు చేశారు. 1989 ఏప్రిల్‌లో ఆయన రైలు ప్రమాదంలో పోయారు. రెండేళ్ళకు ఈ పాట.

సినిమా ఆమెను పిలవని ఆ ఏళ్ళన్నీ ఆమె గాయనియేనా? పిచ్చి ప్రశ్న అనకండి. పూర్వం గ్రీసులో మెగారా పండితులు, ఇల్లు కడుతున్నంతసేపే మేస్త్రీకి కట్టే శక్తి ఉంటుందని వాదించారు. అరిస్టాటిల్ ఒప్పుకోలేదు. అలాగైతే కన్ను మూసినప్పుడల్లా మనిషి గుడ్డివాడు కావాలి కదా అన్నాడు.

ఆయన మాట నిజమే. కాని మేస్త్రీకి కూడా ఇటుకలు కావాలి, ఇల్లు కట్టమని ఒకరు అడగాలి. తలాంతుల ఉపమానం చదివినప్పుడు, పాతిపెట్టిన సేవకుణ్ణే మనం తప్పుపడతాం. మట్టి ఇతరులు కప్పినప్పుడు లెక్క ఎవరు చెప్పాలి? హిట్టు ఉన్నంతవరకే గాయని అనే సినిమా లోకం మెగారావారి శిష్యురాలే. మన విచారణలూ తక్కువ తినలేదు. కీబోర్డు వచ్చాక, ముప్పై ఏళ్ళు క్రిస్మస్ పాటలు నేర్పిన అమ్మ వెనక వరుసలో కూర్చుంటుంది.

“గొంతు పోయింది కదా ఫాదర్, జాలిపడి మైకు ఇమ్మంటారా?” అని మీరు అడగవచ్చు. జాలి వద్దు. పూజ పాడవుతుంది, ఆమెకూ అవమానమే. 1991 పాటను మరోసారి వినండి. 1955 నాటి పడుచు గొంతును తెచ్చి అక్కడ పెడితే అతకదు. ఆ పాట అడిగింది ఆ ఏభయ్యయిదేళ్ళ గొంతునే.