కోడిని కోసేదెవరు?

పెంచుకున్న కోడిని తినాలనుకున్నప్పుడు మన చేత్తో మనమే కోయాలా, డబ్బులిచ్చి ఇంకొకరి చేత కోయించాలా? సాహిత్యంలో డాక్టరేట్ చేసినదానివి, నీకు ఇంకేం ప్రశ్నలు దొరకలేదా అని ఒక మిత్రురాలు నవ్వింది. మాంసం తినడం తప్పా ఒప్పా అన్నదాని మీద మనం ఎంతసేపైనా వాదించుకుంటాం. అది పెద్ద ప్రశ్న. కానీ తినేవాళ్లం తింటూనే ఉన్నాం. తినడానికి సిద్ధపడ్డాక చంపే పని ఎవరి చేతికి అప్పగిస్తున్నామన్న చిన్న ప్రశ్నే నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతోంది.

ఈ పాపం ఎవరెవరికి చెందుతుందో మనువు ఒక లెక్క చెప్పాడు. స్త్రీల గురించి ఆయన చెప్పినవాటితో మన తగాదా ఎలాగూ ఉంది, అయినా ఐదో అధ్యాయంలోని ఈ లెక్క చూడదగ్గది. అనుమతించినవాడు, ముక్కలు చేసినవాడు, చంపినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు, ఈ ఎనిమిది మందీ హంతకులేనట. వ్యాకరణం పుంలింగంలో ఉంది గానీ, మన ఇళ్లలో వండేది, వడ్డించేది ఎవరో చెప్పనక్కర్లేదు. అంటే ముక్క నోట పెట్టకపోయినా ఆ ఇంటి ఆడమనిషికి రెండు వాటాల పాపం ఖాయం. ఇంతమందిని లెక్కపెట్టిన జాబితాలో పెంచినవాళ్లు మాత్రం లేరు.

పెంచడమంటే ఏమిటో జనగామ దగ్గర మా ఊళ్లో మా అమ్మను చూస్తే తెలుస్తుంది. పొదుగుకు వచ్చిన పెట్టను గుర్తుపట్టి, గంపలో గడ్డి పరిచి, గుడ్లు ఏరి పెట్టాలి. ఇరవై ఒక్క రోజులు పిల్లి రాకుండా చూడాలి. పిల్లలు దిగాక నూకలు చల్లాలి, ఆకాశంలో గద్ద నీడ కదిలితే చేతిలో పని వదిలేసి అరుస్తూ ఉరకాలి. కొక్కెర తెగులు వచ్చిందంటే ఒక్క వారంలో దొడ్డి ఖాళీ అవుతుంది. నాటుకోడి కూరకు రావడానికి ఐదారు నెలలు పడుతుంది, నలభై రోజుల్లో రెండు కిలోలు తూగే బ్రాయిలర్ కాదది. పొరుగింటి ఆమెకు పెట్టను పాలుకిచ్చి, దిగిన పిల్లల్లో సగం తీసుకోవడం కూడా ఆడవాళ్ల మధ్య నడిచే లావాదేవీయే. గుడ్లమ్మిన డబ్బు, పుంజునమ్మిన డబ్బు అమ్మ కొంగుముడిలో ఉండేది. వరిపంట డబ్బు ఎన్నడూ ఆ ముడిలోకి రాలేదు.

ఇన్ని నెలల పనిలో కత్తి పని ఒక్క నిమిషం. ఆ నిమిషం మాత్రం మగవాళ్లది. ఆ తర్వాత వేడినీళ్లు పోయడం, ఈకలు పీకడం, మంటమీద కాల్చి పసుపు పూసి కడగడం, కందనకాయ చీల్చి లోపలి పొర ఒలవడం, కారం నూరడం మళ్లీ ఆడవాళ్లకే. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలే మెడముక్క కూడా ఆడవాళ్లదే. ఆడది కోడి కోయరాదనే మాట చిన్నప్పటి నుంచి వింటున్నాను. చేతులకు నెత్తురు అంటుతుందని కాదు, పేగులు తీసేటప్పుడు నెత్తురు అంటదా! ప్రాణం తీసే అధికారం మన చేతికి రాకూడదన్నదే అందులో సంగతి అని నా అనుమానం.

ఎం.ఏ.లో ఎర్రన అరణ్యపర్వ శేషం చదువుకున్నప్పుడు ధర్మవ్యాధుడి కథ దగ్గర నేను ఆగిపోయేదాన్ని. కోపంగా చూసి కొంగను కాల్చేసిన కౌశికుడు భిక్షకు వస్తే, ఒక ఇల్లాలు భర్తకు అన్నం పెట్టి వచ్చేదాకా అతన్ని నిలబెడుతుంది, నేను కొంగను కాదని గుర్తుచేస్తుంది, ధర్మం తెలుసుకోవాలంటే మిథిలలో మాంసం అమ్మే అతని దగ్గరికి వెళ్లమంటుంది. కథలో ఆమెకు పేరు కూడా లేదు. దీన్ని పాతివ్రత్య మహిమగానో, కులవృత్తి గొప్పదనంగానో పాఠం చెప్పేవాళ్లు. నాకు మాత్రం ఆ వ్యాధుడు తన గురించి చెప్పుకున్న మాట విచిత్రంగా తోచేది. తను చంపడట, తినడట. ఇతరులు చంపినదాన్ని అమ్ముతాడట. ధర్మోపదేశం చేయడానికి అతనికి కూడా కత్తినుంచి ఒక అడుగు దూరం కావలసి వచ్చింది. మరి ఆ ఇతరులెవరు? వాళ్ల ధర్మం ఏమిటి? కథ అడగదు. బౌద్ధంలోనూ అంతే. తన కోసం చంపడం చూడలేదు, వినలేదు, అనుమానం లేదు అన్నప్పుడు భిక్షువు మాంసం తీసుకోవచ్చని జీవక సుత్తం చెబుతుంది. చూడకుండా ఉండగలగడం కూడా ఒక సౌకర్యమే. అది అందరికీ అందదు.

ఈ దాగుడుమూతల మీద విసుగుతోనే కాబోలు, తినేవాడికి చంపే ధైర్యం ఉండాలన్న వాదం ఈ మధ్య బాగా వినిపిస్తోంది. ఫేస్‌బుక్ స్థాపకుడు జుకర్‌బర్గ్ తను చంపిన జంతువుల మాంసమే తింటానని 2011లో ప్రకటించాడు. నిజాయితీ ఉంది అందులో, కాదనను. కానీ అతను చేస్తే అది వ్యక్తిగత నైతిక సాధన. కోడిమాంసం దుకాణంలో పొద్దున్నుంచి రాత్రిదాకా కోసి నీలం డ్రమ్ములో వేసే పద్దెనిమిదేళ్ల పిల్లవాడు చేస్తే కూలిపని. ఆ పిల్లవాడి ధైర్యం గురించి ఎవరూ వ్యాసాలు రాయరు.

అయినా ఆ వాదం నామీద పనిచేసింది. నాన్న పోయాక అమ్మ కోళ్లను వదల్లేదు. కోయడానికి ఎప్పటిలాగే ముల్లాసాబు వచ్చేవాడు. మా ఊళ్లో అది పాత పద్ధతి. హిందువుల ఇళ్లలో కూడా యాటనైనా కోడినైనా ఆయనే కోయాలి, అప్పుడే ఆ కూర ఊళ్లో అందరూ తినొచ్చు. కొన్నేళ్ల కింద ఆయన పోయాడు, కొడుకులు హైదరాబాదులో ఆటోలు నడుపుకుంటున్నారు. అప్పటి నుంచి ఆయన భార్య బీబమ్మ వస్తోంది. ఆడమనిషి కోస్తే హలాల్ అవుతుందా అని అనుమానపడింది హిందువులే ఎక్కువట. గొర్రెలు కాసే ఒక దాసి చావబోతున్న గొర్రెను రాతితో కోస్తే, తినవచ్చని ప్రవక్త చెప్పినట్లు హదీసుల్లో ఉంది. ఈ సంగతి నేను చెబితే బీబమ్మ పెద్దగా పట్టించుకోలేదు. "కత్తికి ఆడ మొగ ఎర్కనా బిడ్డా?" అంది.

ఆమె కూతురింటికి పోయిన ఒక ఆదివారం నేనే కోశాను. రెక్కలు మడిచి ఎడమకాలి కింద, కాళ్లు కుడికాలి కింద తొక్కిపట్టడం ఆమె దగ్గర చూసిందే. నోట్లో రెండు చుక్కల నీళ్లు పోసి మెడ లాగి పట్టుకున్నాను. వేళ్ల కింద వెచ్చగా నాడి కొట్టుకుంది. కత్తి పదునైనది కనుక పని త్వరగానే అయింది, ఒళ్లు కొట్టుకోవడం మాత్రం నేను అనుకున్నదానికన్నా ఎక్కువసేపు సాగింది. భయం వేయలేదు. గర్వం లాంటిదేదో వచ్చిపోయింది, అది నాకు నచ్చలేదు. అమ్మ ఆ పుంజును ఎప్పుడూ పిలిచే పిలుపు ఆ రోజు పిలవకుండా లోపలికి వెళ్లిపోయింది.

తర్వాత బీబమ్మ వచ్చినప్పుడు, ఇకనుంచి నేనే కోసుకుంటానన్నాను. "కొయ్యి బిడ్డా, తప్పేముంది. కని నువ్వు కోస్తే నేను తినరాదు గద," అంది.

కోసినందుకు ఆమెకు యాభై రూపాయలు, కొంత కూర. కోసింది నేనైతే ఆ కూర ఆమెకు హలాల్ కాదు. కూలి పోతుంది, కూర గిన్నె కూడా ఆమె గడపదాకా వెళ్లడం మానేస్తుంది. నా చేతులకు నిజాయితీ కావాలని నేను వెతుక్కుంటున్నప్పుడు నేను చూడనిది ఇదే. పైగా కాలం కూడా అలాంటిది. 2022లో కర్ణాటకలో ఉగాది సమయంలో హలాల్ మాంసం కొనొద్దని హిందూ సంస్థలు ప్రచారం చేశాయి. ఆ వీడియోలు మా ఊరి పిల్లల ఫోన్లలోకీ వచ్చాయి. మనది మనమే కోసుకోవాలె అని వాళ్లూ అంటున్నారు. వాళ్ల కారణం వేరు, నా కారణం వేరు. బీబమ్మ గడప నుంచి చూస్తే రెండింటికీ తేడా ఏముంది?

అలాగని ఇంకొకరికి కూలి దొరుకుతుంది కాబట్టి నెత్తురు పని వాళ్లకే వదిలేద్దామనడం నాకు రుచించదు. ఈ దేశంలో ఏ మురికి పనినైనా అలాగే సమర్థించారు. బీబమ్మకు ఈ పని ఇష్టమా అని ఒకసారి అడిగాను. భర్త ఉన్నప్పుడు ఇంట్లో కోడిని కూడా తను కోయలేదట. మొదటి ఏడాది కోసివచ్చిన రోజు అన్నం సయించేది కాదట. ఇప్పుడు మణికట్టు నొప్పి తప్ప వేరే బాధ లేదంది. డిగ్రీ చదువుతున్న మనవరాలికి మాత్రం కత్తి చూపించనంది.

ఇప్పుడు ఆమె కోస్తోంది, నేను పట్టుకుంటున్నాను. తల పక్కకు తిప్పుకోవడం లేదు. ఈకలు ఇద్దరం కలిసే పీకుతున్నాం. కిందటి దసరాకు యాభై సరిపోదు, వంద చేయమని అడిగింది. అమ్మ ఒప్పుకోలేదు, ఎనభై అంది. బేరం ఇంకా తెగలేదు.