అణువునందు అంతర్యామి



కోనసీమయందలి ఆలమూరులో ఒక వైష్ణవ గృహము. సాయంసమయమున వీధి అరుగుపై ఒక వృద్ధురాలు శ్రీవిష్ణుసహస్రనామ పారాయణము చేసికొనుచుండెను. ప్రక్కనే ఆమె మనుమడు రసాయనశాస్త్ర పాఠమును వల్లె వేయుచుండెను. నామములలో 'అణువు' అను మాట చెవిని బడగానే బాలుడు తలయెత్తి, "మామ్మా! నీ పుస్తకములోని అణువు, నా పుస్తకములోని అణువు ఒకటేనా? మరి తాతయ్య అస్థికలు గోదావరిలో కలిపితిమి గదా! ఆ నీళ్లలో కలిసిపోయిన అణువులేనా తాతయ్య?" అని అడిగెను. ఆమె పారాయణము ఆపి, "నాకు తెలియదు నాయనా" అని కన్నులొత్తుకొనెను.

ఆ తల్లి తన సంశయమును మాతో చెప్పుకొన్నది. ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదు. బిడ్డలు బడికి పోవు ప్రతి ఇంటను నేడో రేపో పుట్టవలసిన ప్రశ్నయే. దీనిని కసరి అణచుట తగదు.

ముందుగా బాలుని పుస్తకమును విప్పి చూతము. పదార్థమునకు మూలమైన కణమును మన తెలుగు పాఠములు 'పరమాణువు' అనుచున్నవి. పరమాణువులు కొన్ని కూడి యేర్పడినది 'అణువు'. ఉద్ధరిణెడు తీర్థమునందు కోటి కోటి కోట్లకు మించిన నీటి అణువులు గలవు. పరమాణువు విభజింపరానిదని 1808లో డాల్టన్ తలచెను. 1897లో థామ్సన్ దానికంటె మిక్కిలి తేలికయైన ఎలక్ట్రానును కనుగొనెను. 1911లో రూథర్‌ఫర్డ్ పరమాణు మధ్యమున కేంద్రకము గలదని నిరూపించెను. పలుచని బంగారు రేకుపై కణములను ప్రయోగింపగా పెక్కు కణములు సూటిగా దాటిపోయెను. మిక్కిలి అరుదుగా ఒకటి గోడకు తగిలిన బంతివలె వెనుదిరిగెను. ఆ వెనుదిరిగిన కణమే కేంద్రకమునకు సాక్ష్యము. ఆ కేంద్రకమున ప్రోటానులతోపాటు న్యూట్రానులును గలవని 1932లో చాడ్విక్ తెలిపెను. ప్రోటానులు 6 ఉన్నచో కర్బనము, 8 ఉన్నచో ఆమ్లజని, 79 ఉన్నచో స్వామికి సమర్పించు బంగారము. సంఖ్యాభేదమే మూలకభేదము.

కేంద్రకమును ఆవగింజగా భావించి గర్భాలయమున నుంచినచో, పరమాణువు అంచు సుమారు నూరు మీటర్ల దూరమున, వీధి చివర నుండును. గట్టిదని మనము తట్టి చూచు రాతిస్తంభము సైతము ఇట్టి పరమాణువుల కూర్పే.

ఇక తాతగారి విషయము. అగ్ని పరమాణువులను నశింపజేయదు; వాని కూడికను మాత్రమే మార్చును. దేహమందలి కర్బనము ఆమ్లజనితో కలిసి వాయువై గాలిలో చేరును. దానిని కొబ్బరియాకు గ్రహింపవచ్చును. ఎముకలలోని సున్నపు ధాతువు భస్మమందు మిగిలి నదిలో చేరును. అయితే ఆలోచింపుడు: ఆ దేహము జీవించియున్న నాళ్లలో మాత్రము స్థిరముగా నుండెనా? అన్నమై, నీరై, ఊపిరియై పరమాణువులు వచ్చుచునే యుండెను, పోవుచునే యుండెను. బాల్యమున ఆయన శరీరమందున్నవానిలో అధికభాగము వార్ధక్యమునకు మిగులలేదు. అయినను "చిన్ననాడు గోదావరిలో ఈదినది నేనే" అని ఆయన చెప్పుకొనెను గదా! వచ్చిపోవునది దేహము, 'నేను' అని యెరుగువాడు జీవుడు. కావున గౌతమిలో కలిసినది తాతగారు ధరించిన దేహమే గాని తాతగారు కారు.

ఆ జీవుడు అణుపరిమాణుడని భగవద్రామానుజులవారి సిద్ధాంతము. దీపము ఒకచోట నుండియు వెలుగును గదియంతట పరపునట్లు, జీవుడు తన జ్ఞానముచే దేహమంతట వ్యాపించును. మాట యొకటే యైనను ఈ అణువు రసాయనశాస్త్రపు అణువు కాదు. అది విభాగమునకు లొంగినది, జడము. జీవుడు నిరవయవుడు, చేతనుడు. జడమైన పరమాణువులే జగత్తునకు మూలకారణమను వైశేషికుల వాదమును శ్రీభాష్యము నిరాకరించినది. ఈ భేదమును మరచి, ఎలక్ట్రానులన్నియు మన శాస్త్రములలో నున్నవని గొప్పలు చెప్పుటయు పొరపాటే. శాస్త్రమునకు అబద్ధపు అలంకారములు అక్కరలేదు.

మరి సహస్రనామములందలి 'అణువు' ఎవరు? ఆయన పరమాత్మ. అందుకే ఆ నామము వెంటనే 'బృహత్తు' అను నామము వచ్చుచున్నది. మిక్కిలి సూక్ష్ముడై అన్నిటిలోపల నుండువాడును, మహత్తై అన్నిటిని ధరించువాడును ఆయనయే. ఛాందోగ్యమున ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతువుచే మర్రిగింజను పగులగొట్టించి, ఏమి కనబడుచున్నదని యడిగెను. ఏమియు లేదని కుమారుడనగా, ఆ కనబడని సూక్ష్మమునుండియే మహావృక్షము నిలిచినదని బోధించెను. పగులగొట్టి చూచుటను తండ్రి వారింపలేదు. చూపు ఆగినచోట శ్రద్ధ నిలుపుమనెను.

ఆలమూరువారు జొన్నాడ వంతెన దాటి రావులపాలెము మీదుగా ర్యాలి క్షేత్రమునకు పోవుదురు. అచట ఒకే శిలయందు ముందు కేశవస్వామి, వెనుక జగన్మోహిని. ముందు నిలచినవాడు చూచినది సత్యమే. కాని చుట్టి వచ్చినవాడే సంపూర్ణముగ చూచినవాడు. పాఠశాల సృష్టియొక్క ఒక పార్శ్వమును శ్రద్ధతో చూపుచున్నది. పిల్లవానిని దానియెదుటినుండి లాగివేయకుడు. చేయిపట్టి రెండవ పార్శ్వమునకు నడిపింపుడు.

అమ్మా! రేపు సాయంకాలము మనుమనితో ఇట్లు చెప్పుము: "నాయనా, నీ అణువు నిజమే. బాగుగా చదువుకొనుము. ఆ నీటిలో కలిసినది తాతయ్య దేహము. తాతయ్యను మాత్రము స్వామి యెరుగును. ఏలయన తాతయ్య లోపలను, నీ లోపలను, నీ పుస్తకములోని ప్రతి పరమాణువు లోపలను ఆయన యున్నాడు."

ఆపిన నామము నుండియే పారాయణము మరల సాగింపుము. శ్రీమన్నారాయణుడు మన పిల్లలకు విద్యను, విద్యతోపాటు వినయమును అనుగ్రహించుగాక!