నోరులేని బాధకు బాధ్యులెవరు?

ఆకలిగొన్న బిడ్డ ఏడ్చును. దెబ్బ తగిలిన బిడ్డ తల్లిని పిలుచును. పంటి నొప్పిని మాటలలో చెప్పజాలని బిడ్డ యేమి చేయును? తన చెంపను తానే కొట్టుకొనును, చేతిని కొరుకుకొనును, అన్నపు ముద్దను త్రోసివేయును, రాత్రులందు నిద్రలేక అరచును. ఇంటివారు దానిని మొండితనమందురు. ఇరుగుపొరుగువారు ఆ బిడ్డ స్వభావమే అంతయని సరిపెట్టుకొందురు. బుద్ధిమాంద్యము, మస్తిష్క పక్షవాతము, ఆటిజము మున్నగు స్థితులు గల పిల్లల యిండ్లలో ఇట్టి పొరపాటు జరుగుట కలదు. చెప్పజాలనివాని బాధను తెలిసికొనవలసిన భారమెవరిదను ప్రశ్న వైద్యులకు మాత్రమే విడువదగినది కాదు. అది ధర్మ విచారము.

ఈ పిల్లల దంతములు చెడుటకు అశ్రద్ధ యొక్కటే కారణము కాదు. డౌన్ సిండ్రోము గలవారికి పండ్లు ఆలస్యముగా వచ్చును. చిగుళ్ల వ్యాధి చిన్న వయసుననే పట్టుకొనును. మస్తిష్క పక్షవాతము గలవారికి నమలుట, మ్రింగుట కష్టమగుటచే ఆహారము బుగ్గలలో నిలిచిపోవును. మూర్ఛకు వాడు ఫెనిటాయిన్ మందు వలన చిగుళ్లు ఉబ్బి పెరుగుట కలదు. తీయని సిరప్పులు నిత్యము త్రాగు పిల్లలకు పిప్పిపండ్లు సులభముగా వచ్చును. ఆటిజము గల బిడ్డలు కొందరికి బ్రష్షు తాకిడి, పేస్టు రుచి, యంత్రపు మ్రోత, కన్నులలో పడు దీపపు వెలుగు భరింపరానివి. తల్లిని నిందించుటకు ముందు లోకము ఈ సంగతులెరుగవలెను.

“ఏమియు తెలియని బిడ్డకు ఇంత శ్రమ యేల? అంతయు పూర్వకర్మ ఫలము” అని పలుకువారు కలరు. అట్టి మాట బిడ్డకు ఉపశమనమీయదు. పలికినవానికి మాత్రము పని తప్పించును. వీరశైవ సంప్రదాయమున పసికందుకు లింగధారణ చేయునపుడు, ఆ బిడ్డ రేపు మాటలాడునా, చదువుకొనునా యని ఎవరును పరీక్షింపరు. తెలివితేటలు చూచి యిచ్చిన గౌరవము కాదది. ఆ గౌరవము పొందిన దేహమున పన్ను పుచ్చుచుండగా చూచి ఊరకుండుట తగునా?

ఇంతకంటె కఠినమైన ప్రశ్న మరియొకటి కలదు. బిడ్డ వద్దని పెనగులాడునపుడు చేతులు పట్టి నోరు తెరపించుట ధర్మమా? విడిచిపెట్టినచో వ్యాధి పెరుగును. బలవంతము చేసినచో భయము పెరుగును. దీనికి సమాధానము ఓర్పునందున్నది. దంతవైద్యులు మొదట చెప్పి, పిదప చూపి, ఆ పిదపనే చేయుదురు. తొలినాడు బిడ్డ కుర్చీలో కూర్చుండిన చాలును. మరునాడు అద్దమును చేత పట్టుకొనిన చాలును. ఇంటియందు ప్రతిదినము ఒకే వేళ, ఒకే చోట, తల్లి వెనుక కూర్చుండి బిడ్డ తలను ఒడిలో నిలుపుకొని మెత్తని బ్రష్షుతో తోమవచ్చును. పేస్టు మూడేండ్లలోపు వారికి బియ్యపు గింజంత, దాటినవారికి బఠాణీ గింజంత చాలును. పట్టు చిక్కని చేతికి బ్రష్షు కాడకు గుడ్డ చుట్టి యిచ్చినచో బిడ్డయే కొంత నేర్చుకొనును.

ముఖము వాచి జ్వరము వచ్చినపుడు మాత్రము జాగు చేయరాదు. నలుగురు అదిమిపట్టుట కంటె, ఆసుపత్రిలో నిపుణుల పర్యవేక్షణలో మత్తు ఇచ్చి చికిత్స చేయించుట కరుణతో కూడిన పని. డౌన్ సిండ్రోము గల పిల్లలలో దాదాపు సగము మందికి పుట్టుకతో గుండె లోపముండును గనుక, ఆ సంగతి దంతవైద్యునికి ముందే తెలుపవలెను.

ఈ భారమంతయు ఒక్క తల్లి మోయవలసినదేనా? సికింద్రాబాదు బన్సీలాల్‌పేట్‌లోని మెట్లబావి దీనికి జవాబు చెప్పుచున్నది. దశాబ్దముల పాటు తలా కొంత చెత్త వేయగా ఆ బావి పూడిపోయినది. నేరము ఏ ఒక్కరిదియు కాదు. పలువురు చేయి కలిపి పూడిక తీయగా 2022 డిసెంబరులో అది మరల ప్రజలకు తెరువబడినది. పలువురి ఉపేక్షను పలువురి శ్రమయే తీర్చగలదు. ఆ పేటకు చేరువనే గాంధీ ఆసుపత్రి కలదు. మేధో వైకల్యము గలవారి కొరకు 1984లో నెలకొన్న జాతీయ సంస్థ సికింద్రాబాదు మనోవికాసనగరముననే యున్నది. అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంతవైద్య కళాశాల కలదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము వీరికి వైద్యమున ప్రాధాన్యమీయవలెనని విధించినది. జాతీయ ట్రస్టువారి నిరామయ బీమా లక్ష రూపాయల వరకు వైద్యవ్యయమును భరించును. ఇవి దయాభిక్షలు కావు, హక్కులు. ఐనను కాగితములు నింపుటకు, బిడ్డతో బస్సెక్కుటకు, ఆసుపత్రి వరుసలో నిలుచుటకు తోడొకరు కావలెను. ఆ తోడు నిలుచుటయే దాసోహము.

మఠములు ఉత్సవ దినములలో దంతవైద్య శిబిరము పెట్టునపుడు, ఈ పిల్లలకు సందడిలేని వేళను ప్రత్యేకించి ఉంచవలెను. పిల్లల చేతిలో పటికబెల్లమునకు మారుగా పండును ప్రసాదముగా ఉంచవచ్చును. చెంప కొట్టుకొను బిడ్డను చూచినపుడు బంధువులు మొండితనమని తలపక, ముందుగా నోరు చూడవలెను. ఆ బిడ్డ చెప్పజాలని మాటను చుట్టునున్నవారే తెలిసికొనవలెను.