నిరీక్షణ ధర్మము

బేరిగై ప్రాంతమున మెట్టసేద్యము చేయువారికి నిరీక్షణమనగా నేమో ఒకరు బోధింపనక్కరలేదు. వాన ఎన్నడు వచ్చునో రైతు ఎరుగడు. అయినను పొలమునకు ఎరువు తోలును, రాగి విత్తనమును భద్రపరచును, నాగలిని బాగుచేయించుకొనును. వాన వచ్చిన పిమ్మట చూతమని అరుగుమీద కూర్చున్నవానికి వాన వచ్చినను పంట రాదు.

డిసెంబరు మాసమున మన తెలుగు కుటుంబములలో రెండు నిరీక్షణములు సాగుచుండును. క్రైస్తవ సోదరులు క్రిస్మసునకు ముందు వచ్చు నాలుగు ఆదివారములను ఆగమన కాలముగా పాటింతురు. ఆ మాసము నడుమనే ధనుర్మాసము ప్రవేశించును. తెల్లవారుజామున దినమున కొక్కటిగా ముప్పది తిరుప్పావై పాశురములు చదువుదురు. మార్గములు వేరైనను ఉభయులను బాధించు ప్రశ్న ఒక్కటే. దైవమును నమ్మి ఎదురుచూచుట యనగా ఏమియు చేయకుండుటయా? చేయవలసినది కలదేని, అది ఏమి?

శబరి కథ మనకు బాల్యమునుండియు తెలిసినదే. గురువుల మాట నమ్మి ఆమె పంపాతీరమున రామునికై వేచియుండెను. అతిథికై అడవిలోని ఫలములను సేకరించుచు వేచియుండెను. లూకా సువార్తలో మరియమ్మ కథయు ఇట్టిదే. తన గర్భమున శిశువును ధరించి ఎదురుచూడవలసిన ఆమె, ఆరవ మాసమున నున్న వృద్ధ బంధువు ఎలీసబెతు ఇంటికి వెళ్ళి, ఇంచుమించు మూడు నెలలు ఆమెతో నుండెను. తన నిరీక్షణము ఆమెను ఇంట బంధింపలేదు.

ఈ విషయమున తెలుగునాట జరిగిన యొక చరిత్ర మనము తెలిసికొనదగినది. నెల్లూరులో అమెరికను బాప్టిస్టు మిషను చాలకాలము తగిన ఫలితము చూడలేదు. దానిని మూసివేయవలెనా యని 1853లో చర్చ జరిగినది. 1854 జనవరి 1వ తేదీన, ఇంకను తెల్లవారుచుండగా, లైమన్ జ్యూయెట్ దంపతులును ముగ్గురు తెలుగు క్రైస్తవులును ఒంగోలులోని కొండపై చేరి, ఆ ఊరికి ఒక బోధకుని పంపుమని ప్రార్థించిరి. జాన్ క్లౌ ఒంగోలునకు వచ్చినది 1866లో. నడుమ పండ్రెండేండ్లు గడచినవి.

పిదప 1876–78 సంవత్సరముల మహాక్షామము వచ్చినది. అది నెల్లూరు, ఒంగోలు ప్రాంతములకే పరిమితము కాలేదు. నాడు మన హోసూరు చేరియున్న సేలము జిల్లాయు ఘోరముగా దెబ్బతిన్నది. చెన్నరాజధానిలో లక్షలకొలది ప్రజలు మరణించిరి. సర్వేపని తెలిసిన క్లౌ బకింగుహాం కాలువ త్రవ్వకములో కొంత భాగమును కంట్రాక్టునకు తీసుకొని, ఆకలిగొన్నవారికి పని కల్పించి కూలి ఇప్పించెను. ఆ కూలీలలో ననేకులు, విశేషముగా మాదిగ కుటుంబములవారు, బాప్తిస్మమిమ్మని అడిగిరి. ఆయన ఈయలేదు. అన్నమునకై మతము మారిరను మాట వారిపై పడరాదని, వారి విశ్వాసము నిజమైనదైన నిలుచునని, ఏడాదికి పైగా ఆపెను. తుదకు 1878 జూలై 3వ తేదీన వేలంపల్లికడ గుండ్లకమ్మ నదిలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఆ సంఖ్యను చూచి ఆశ్చర్యపడువారు పెక్కురు. మనకు అంతకన్న విలువైనది దానికి ముందున్న సంవత్సరము. అందు రెండు కార్యములు ప్రక్కప్రక్కన నున్నవి. తాను చిరకాలము కోరిన ఫలితమును ఆయన ఆపెను. కూలిని మాత్రము ఆపలేదు. ఏది వేచియుండవచ్చునో, ఏది వేచియుండరాదో ఆయనకు తెలియును.

ఇచట నొక కఠినమైన ఆక్షేపణ కలదు. ఆ క్షామమున మరణించినవారును దైవమును పిలిచియే యుందురు గదా! వారి నిరీక్షణ మేమైనది? ఈ ప్రశ్నకు మన యొద్ద సమాధానము లేదు. ఉన్నదని చెప్పుట వారిపట్ల అపచారము. నమ్మినవారికెల్ల కోరినది లభించునని చెప్పజాలము. అయితే ఇంతమాత్రము చెప్పవచ్చును: నా కోరిక విషయమున ఓర్పు వహించుట భక్తి, ఎదుటివాని ఆకలి విషయమున ఓర్పు వహింపుమని అతనికే బోధించుట భక్తి కాదు. "దేవుడున్నాడు, ఓపిక పట్టుము" అని మనము ఇతరులతో ఎంత సులభముగా అందుము! ఆ మాట మనకు మనము చెప్పుకొనుటకే తగినది.

మన ఇండ్లలో ఒకరు కుమారుని ఉద్యోగమునకై, ఒకరు కుమార్తె వివాహమునకై, ఒకరు రోగి స్వస్థతకై ఎదురుచూచుచుందురు. ఆ ఫలితము మన చేతిలో లేదు. కాని ఈ మాసమున పొరుగింటి గాదె నిండినదో లేదో చూచుటకు మనము ఎవరి ఆజ్ఞకొరకును, ఏ పండుగకొరకును వేచియుండనక్కరలేదు. ఆ గడప దాటి ఒకసారి లోనికి వెళ్ళి అడుగుదము. క్రిస్మసు దీపములు వెలుగుటకును, ఉత్తరద్వారము తెరచుటకును ఇంకను దినములు కలవు.