బుష్షులో మంచితనం ఎక్కడుంది?

కారు చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ ఛాసిస్‌కు బిగిసే చోట రెండు ఇనుప గొట్టాల నడుమ ఇమిడి ఉండే మెత్తటి దిమ్మే బుష్షు. అది పాడైతే గుంతలో దిగినప్పుడల్లా కింద టక్కుటక్కుమంటుంది, టైర్లు ఒక అంచునే అరుగుతాయి. మార్చే రోజున ప్రశ్న వస్తుంది: కంపెనీవాడు ఇచ్చిన రబ్బరే వేయాలా, గట్టిదని పేరుపడ్డ పాలీయురేథేన్ వేయాలా? ఏది మంచిదని అడిగేవాడు మంచితనం ఆ దిమ్మలోనే ఉందని ముందే ఒప్పుకుంటున్నాడు. గుణం వస్తువులోనే ఉంటుందా, ఇతరాలతో కూడినప్పుడే పుడుతుందా అన్నది మన దర్శనాల్లో పాత తగాదా.

వైశేషికులది మొదటి పక్షం. సంస్కారమనే గుణాన్ని వాళ్లు వేగం, భావన, స్థితిస్థాపకం అని మూడుగా విడదీశారు. వంగినదాన్ని మళ్లీ మునుపటిలా నిలిపేది మూడోది. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో దానికి చాపను ఉదాహరణగా చూపి, అది పృథివీ ద్రవ్యంలో ఉంటుందన్నాడు. ఆ లెక్కన రబ్బరూ పృథివే, పాలీయురేథేనూ పృథివే. ఈ పక్షానికి బలం ఉంది. గట్టిదనాన్ని చెప్పే షోర్ ఎ కొలతలో బుష్షు రబ్బరు సాధారణంగా 50–70 మధ్య, పాలీయురేథేన్ 70–95 మధ్య తేలుతుంది. ఇంజన్ ఆయిల్ పడితే సహజ రబ్బరు ఉబ్బుతుంది, పాలీయురేథేన్ చాలావరకు తట్టుకుంటుంది. కొన్నవాడు ఎవరన్నదాన్ని బట్టి ఇవి మారవు.

రెండో పక్షం బౌద్ధుడైన నాగార్జునుడిది. ఆంధ్రప్రదేశ్‌లోని కనిగిరి నేల దానికి దగ్గరిది. ఊరికి ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున చందవరం బౌద్ధస్థలం ఉంది. ఇంకా పైకి పోతే, ఇప్పుడు కృష్ణ నీళ్ల నడుమ, సంప్రదాయం ఆచార్య నాగార్జునుడిదని చెప్పే కొండ. మూలమధ్యమకకారికలో ఆయన వాదం సూటిగా ఉంటుంది: దేనిమీదా ఆధారపడని సొంత స్వభావం ఏ వస్తువుకూ లేదు. ఆయన చెప్పిన శూన్యం లేమి కాదు, కారణాల మీద ఆధారపడి ఉండటమే. మాటల్లో ఇది గాలిలో తేలే సిద్ధాంతంలా అనిపిస్తుంది గాని, బుష్షును విప్పి చూస్తే అంత దూరపుదేమీ కాదు.

రబ్బరు బుష్షులో రబ్బరు లోపలి గొట్టాన్నీ బయటి గొట్టాన్నీ అంటి పట్టుకుని ఉంటుంది. ఆర్మ్ ఊగినప్పుడు ఏదీ జారదు, రబ్బరే మెలితిరిగి వెనక్కి వస్తుంది. కారును పైకెత్తి, చక్రాలు వేలాడుతుండగా బోల్టు పూర్తిగా బిగించారనుకుందాం. బండి నేలకు దిగగానే ఆ రబ్బరు ఎప్పటికీ మెలిపడే ఉండి తొందరగా చిరుగుతుంది. కారు బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగువు వేయాలి. అదే రబ్బరు, అదే ధర. ఒక మెకానిక్ చేతిలో మంచిదవుతుంది, ఇంకొకరి చేతిలో చెడ్డదవుతుంది. పైగా చాలా కార్లలో లోయర్ ఆర్మ్ వెనక బుష్షుకు కావాలనే ఖాళీలు వదులుతారు. అందువల్ల అది ఒక దిక్కుకు కాస్త లొంగుతుంది, ఇంకో దిక్కుకు అంత లొంగదు. నెమ్మదిగా నొక్కితే మెత్తగా ఉన్న రబ్బరే వేగంగా అదిరితే బిర్రుగా ఎదురుతిరుగుతుంది. దాని అసలు స్వభావం మెత్తదనమా, గట్టిదనమా? షోర్ మీటరు ఒక అంకె చెబుతుంది, అదీ ఒక ఉష్ణోగ్రతలో, ఒక తీరుగా నొక్కినప్పటిది.

పాలీయురేథేన్ సంగతీ అంతే. అది సాధారణంగా గొట్టానికి అతుక్కోదు, గ్రీజు మీద తిరుగుతుంది. మలుపులో బండి ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్‌లాగా దాదాపు ఒకే ఇరుసు చుట్టూ తిరిగే చోట చక్కగా పనిచేస్తుంది, బండి మలుపుల్లో చెప్పినట్టు వింటుంది. రెండు మూడు దిక్కులకు ఒరగాల్సిన ఆర్మ్‌లో మాత్రం బిగుసుకుని, తాను మింగాల్సిన దెబ్బను బ్రాకెట్‌కు అప్పజెబుతుంది. గ్రీజు ఎండి దుమ్ము చేరితే కిర్రుమంటుంది. గట్టిదనం అక్కడ సుగుణం, ఇక్కడ దోషం.

అంతా ఆధారపడే ఉంటే ఎంపికే అక్కర్లేదా అని అడగవచ్చు. నాగార్జునుడు దీన్ని ముందే ఊహించాడు. వ్యవహార సత్యం, పరమార్థ సత్యం అని రెండు చెప్పి, మొదటిదాన్ని కాదని రెండోది అందదన్నాడు. స్వభావం లేదన్నంత మాత్రాన ఏదైనా ఒకటేనని కాదు. ఆధారాలు ఏవో చూసుకోమని అర్థం. వైశేషికుడి కొలతకు విలువ ఇక్కడే. అంకె లేకుండా పోల్చలేం, అంకె ఒక్కటే తీర్పు చెప్పలేదు.

కనిగిరిలో ఆ ఆధారాలు తేలికగానే తెలుస్తాయి. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే వేడి, 565వ జాతీయ రహదారి దిగి పల్లెదారి పట్టగానే గుంతలూ రాళ్లూ, వెనక సీటులో ముసలివాళ్లు, డిక్కీలో బస్తాలు. ఇలాంటి కారుకు ఆర్మ్‌లలో కంపెనీ రబ్బరు బుష్షులే వేయించాలి. మలుపుల్లో బండి మరీ ఒరుగుతోందనిపిస్తే యాంటీ రోల్ బార్ వరకు పాలీయురేథేన్ పెట్టించుకోవచ్చు, గ్రీజు చూసుకుంటూ ఉండాలి. అన్ని చోట్లా పాలీయురేథేన్ అనేది రేసు ట్రాక్ మీద తిరిగే బండికే తగుతుంది.