తారతమ్యము - విరోధము

మన యిండ్లలో తరచుగా వినబడు వాక్యమొకటి గలదు: "అక్క కంటె చెల్లెలు తెల్లన." చెల్లెలిని మెచ్చుటకే యీ మాట పుట్టినది. కాని యది చెవిని బడిన యక్క "నేను నల్లన" యని తలవంచుకొనును. ఎవరును పలుకని యీ రెండవ వాక్య మెక్కడినుండి వచ్చినది? దీనిని మనము విచారింపవలసియున్నది.

విరుద్ధపదములు రెండు తెగలు. సరిసంఖ్య, బేసిసంఖ్య యనువాని నడుమ మూడవది లేదు. సరి కానిది బేసియే. వేడి, చల్లదనము అనువాని నడుమ నెంతయో చోటు గలదు; గోరువెచ్చన యను మాట అందులకే పుట్టినది. పోలికకు ఒదుగునది యీ రెండవ తెగయే. "ఆరు కంటె నెనిమిది సరి" యని యెవ్వరు ననరు. "మంచుగడ్డ కంటె బావినీరు వేడి" యనవచ్చును. అంతమాత్రమున బావినీరు వేడినీరు కాదు. "కంటె" యను పదము రెంటిని నొక నిచ్చెనపై నిలిపి యేది పైమెట్టున నున్నదో చెప్పును గాని, ఆ మెట్టెంత యెత్తున నున్నదో చెప్పదు.

సంస్కృతమున నీ పనికి తర, తమ యను ప్రత్యయములు గలవు. తారతమ్య మను మాట వానినుండియే యేర్పడినది. తెనుగున నట్టి ప్రత్యయము లేదు. పోలికలోని "తెల్లన" యు, ఒంటిగా పలికిన "తెల్లన" యు నొక్కటే రూపము. కావుననే హెచ్చుతగ్గులు మాత్రమే చెప్పిన మాట వినువారికి తీర్పువలె తోచుచున్నది.

మరియు జంటపదములు రెండును సమానమైన బరువు గలవి కావు. "ఎంత పొడవు?" అనినచో కొలత మాత్రమే యడిగినట్లు, "ఎంత పొట్టి?" అనినచో పొట్టి యని ముందే నిశ్చయించినట్లు. "అన్న కంటె తమ్ముడు చురుకు", "తమ్ముని కంటె అన్న మందుడు" అను రెండు వాక్యములును తర్కమున కొక్కటియే. బాలుని మనసునకు మాత్రము కావు. మొదటిది తమ్ముని మెప్పు. రెండవది అన్నకు పెట్టిన పేరు.

అట్లయిన పోలికనే మానవలెనా? మానుట సాధ్యము కాదు. పోలిక లేక కొలత లేదు. కొలత లేక దిద్దుబాటు లేదు. బాలుని నేటి లెక్కను వాని నిన్నటి లెక్కతో పోల్చిన, వాడు తప్పు దిద్దుకొనును. వానినే తమ్మునితో పోల్చిన, దిద్దుకొనుటకేమున్నది?

మేనిచాయ మాట యింతకంటెను వేఱు. తెలుపు పైమెట్టనియు, నలుపు క్రిందిమెట్టనియు వ్యాకరణము చెప్పలేదు. ఆ నిచ్చెనను నిలువబెట్టినవారము మనమే. నాలుకను సవరించుకొన్నంత మాత్రమున నది పడిపోదు. పెండ్లిచూపులనాడు చాయను గూర్చి యడుగుట మనము మానినప్పుడే ఆ యక్క తలయెత్తును.