విభీషణుడు వెదకిన కొలువు

నల్లగండ్ల చెరువు పరిసరములందు నేడు ఆకాశమంటు గృహసముదాయములు వెలసినవి. గచ్చిబౌలి, హైటెక్ సిటీ కార్యాలయములలో పనిచేయువారు పెక్కుమంది ఇచటనే కాపురముందురు. ఈ ఇండ్లలో సాయంకాల దీపారాధన వేళ స్వామికి విన్నవించుకొను మాటలలో కొలువు మాట తరచు వినవచ్చును. చిలుకూరు బాలాజీ సన్నిధిలో 11 ప్రదక్షిణములు చేసి మ్రొక్కుకొని, కోరిక ఈడేరిన పిమ్మట 108 చేయు యువజనులను ఎరుగనివారు లేరు. కొలువు కోరుట దోషము కాదు. అది ఎట్టి ప్రభువు కొలువు అను విచారణ మాత్రము ఆ ప్రదక్షిణములలో ఎందరికి కలుగుచున్నదో!

శ్రీమద్రామాయణమున ఈ విచారణ చేసినవాడు విభీషణుడు. లంకలో ఆయనకు లోటు లేదు. ప్రభువు తోబుట్టువు; పదవియు, భోగమును కలవు. అయినను పరదారాపహరణము ధర్మము కాదని నిండుకొలువులో పలుమార్లు చెప్పెను. అన్న అవమానించిన పిదప, తాను పోవుచున్నానని ఎదుటనే తెలిపి వెడలెను. మారీచుడును ఆ తప్పు నెరిగినవాడే. హితము చెప్పెను, ప్రాణభయముచే లోబడెను. కుంభకర్ణుడు మందలించియు యుద్ధమునకు నడచెను. ఇంటి అప్పు నెలనెల తీర్చవలసిన నేటి గృహస్థుడు మారీచుని చూచి నవ్వజాలడు.

2009 జనవరి 7న హైదరాబాదు నగరమున సత్యం కంప్యూటర్స్ సంస్థ అధ్యక్షుడు, లేని ధనమును లెక్కలలో ఉన్నట్లు చూపితినని లేఖలో అంగీకరించెను. సుమారు 50,000 మంది ఉద్యోగుల బ్రదుకులు ఒక్కనాట కలవరపడెను. వారిలో అత్యధికులు ఏ పాపమును ఎరుగనివారు. ఆ ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ సంస్థను చేపట్టుటచే పెక్కుమందికి ఊరట కలిగెను. ప్రభువు నడవడి కొలువువానికి సంబంధింపని విషయమని అటుపై ఎవరు అనగలరు?

ఇక చేర్చుకొనువారి పక్షము. సముద్రతీరమున నలుగురు అనుచరులతో ఆకాశమున నిలిచిన విభీషణుడు మొదట పలికినది, దుర్వృత్తుడైన రావణుని తమ్ముడనని. దాపరికము లేదు. చేయని పనికి అనుభవపత్రము సంపాదించి కొలువునకు పోవు నేటివారు ఈ ఘట్టమును ఒకమారు పారాయణము చేయుట మేలు. సుగ్రీవుడు శంకించెను. గుణదోషములు పరీక్షింపవలెనని అంగదుడు, చారుని పంపవలెనని శరభుడు, వచ్చిన దేశకాలములే అనుమానాస్పదములని జాంబవంతుడు, మెల్లగా ప్రశ్నింపవలెనని మైందుడు పలికిరి. హనుమంతుడు మాత్రము వచ్చినవాని మాటను, ముఖమును చూచెను. రావణుని దోషమును, రాముని గుణమును గుర్తించి వచ్చినవాడు యుక్తకాలముననే వచ్చెనని ఆయన నిర్ణయము.

కష్టమున అన్నను విడిచినవాడు రేపు మనలను విడువడా అని సుగ్రీవుడు మరల అడిగెను. పాత కొలువు విడిచి వచ్చినవానిని నేడును ఇట్లే అడుగుదురు. ప్రశ్న అన్యాయమైనది కాదు. అయితే దేనిని విడిచెను, దేనికొరకు విడిచెను అని చూడక ఆ ప్రశ్నకు ఉత్తరము లేదు. వేదాంతదేశికులు ఈ శరణాగతి ఘట్టమును గూర్చియే అభయప్రదానసారమును రచించిరి.

ఒక భ్రాంతిని ఇచట తొలగింపవలెను. మన విలువలు గలవారే కావలెనని చెప్పుచు, మన ఊరివారిని, మన కులమువారిని, మన పలుకుబడి గలవారిని చేర్చుకొనుట నేటి కార్యాలయములకును క్రొత్త కాదు. శ్రీరాముని సేనలో వానరులు, భల్లూకములు ఉండిరి; ఇపుడు రాక్షసుడు చేరెను. కలసినది ధర్మము గాని పుట్టుక కాదు.

చేర్చుకొనిన పిదప రాఘవుడు ఆయనను మూలన కూర్చుండబెట్టలేదు. లంక బలాబలములు అడిగి తెలిసికొని, లక్ష్మణునిచే సముద్రజలము తెప్పించి అచటనే లంకారాజ్యమునకు అభిషేకింపజేసెను. సాగరమును దాటు ఉపాయమును ఆ క్రొత్తవానినే అడిగిరి. సముద్రుని శరణు వేడుమని ఆయన చెప్పెను. రాముడు ఆ మాటను మన్నించి మూడు రాత్రులు తీరమున దర్భలపై శయనించెను.